గుండెల మీద కూర్చునే మనిషి

ముంజేతిని బిందెలో ముంచి వేడి చూసింది గ్రేసమ్మ. ఇంకో చెంబు చన్నీళ్లు కలిపితే పసిబిడ్డ ఒంటికి సరిపోతాయి. గురజాల మిషనాసుపత్రిలో ఇరవై ఏళ్లుగా ఆమె ఆయా. తన కడుపు పండలేదు గానీ, ఆమె కాళ్ల మీద పడుకుని నీళ్లు పోయించుకోని పిల్లలు ఆ చుట్టుపక్కల తక్కువ. ఇప్పుడు బసవమ్మ కూతురి వంతు. బసవమ్మను ఆయా పనిలో పెట్టించిందీ, పదకొండు రోజుల కిందట పురుడు పోసిందీ గ్రేసమ్మే. ఈ బిడ్డంటే ఆమెకు ప్రాణం.

వారం నుంచి వార్డు తీరు బాగాలేదు. ఆమె గంజి తెస్తే బాలింతలు వద్దంటున్నారు, బిడ్డల మీద కొంగు కప్పుతున్నారు. నోరు చేదై ఉంటుందిలే అనుకుంది పిచ్చిది.

అంతటికీ మూలం ఒక నవ్వులాట. రెండో ప్రపంచ యుద్ధం ఆగాక వచ్చిన స్వీడన్ నర్సు దొరసాని, తమ దేశంలో పీడకలను మార్‌డ్రోమ్ అంటారని మొన్న వేసవిలో చెప్పింది. మారా అనే ఆడమనిషి నిద్రపోయేవాళ్ల గుండెల మీదెక్కి కూర్చుంటుందట. డ్రోమ్ అంటే కల; ఆమె తెచ్చే కల గనక ఆ పేరు. బతికున్న మనిషే, కానీ తాను మారానని తనకే తెలియదట. కలిసిపోయిన కనుబొమలే గుర్తు. చెప్పుల మొనలు బయటికి తిప్పి మంచం కింద పెడితే దగ్గరికి రాదట. మా ఊళ్లో అయితే నిన్నే మారా అనేవాళ్లని దొరసాని గ్రేసమ్మ కలిసిన కనుబొమలు నిమిరి నవ్వింది. ఆ ముచ్చట గ్రేసమ్మ ఒక్క బసవమ్మకే చెప్పుకుంది.

బిందె చంకనెత్తుకుని బసవమ్మ గదిలోకి వెళ్లింది. నులకమంచం కింద చెప్పులు కనిపించాయి. నెలలు నిండి బసవమ్మ పాదాలు పొంగినప్పుడు, తన కోసం కుట్టించుకున్న జతను గ్రేసమ్మ ఇచ్చేసింది. ఇప్పుడు వాటి మొనలు గడప వైపున్నాయి. వార్డులో వాళ్లకు చెప్పిందెవరో అప్పుడు తెలిసింది.

"ఏందే బసవా ఇది?"

బసవమ్మ తల ఎత్తలేదు. "బిడ్డ నిద్దట్లో ఉలిక్కిపడతా ఉందక్కా."

"నేను అట్టాంటిదాన్నా?"

"దానికి దాని సంగతి తెలీదని నువ్వేగా చెప్పింది."

ఊరంతా అన్నా గ్రేసమ్మ ఓర్చుకునేది. తన చేతి ముద్ద తిన్న మనిషి, తన మాటతోనే తన గొంతు కోసింది. చల్లారకముందే బిడ్డకు పోయమని చెప్పి బిందె అక్కడే దించింది. బిడ్డను ముట్టుకోలేదు.

మధ్యాహ్నం రైలుకి నరసరావుపేటలో అక్కగారింటికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ తర్వాత కూడా బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తూనే ఉంది. గ్రేసమ్మ పాదాల కొలతకు కుట్టిన ఆ చెప్పులు మాత్రం, మొనలు గడప వైపు పెట్టుకుని, మంచం కింద అలాగే ఉన్నాయి.