రిలీవర్ రాని ఓడ

ఆదివారం మధ్యాహ్నం వన్ టౌన్‌లో నజీర్ అహ్మద్ పాత పుస్తకాల కొట్టు మీది గదికి మెట్లెక్కేసరికి గురునాథరావుకు తలప్రాణం తోకకొచ్చింది. పోర్టులో వారమంతా డ్యూటీలు. అయినా రాక తప్పదు. అతను లేకపోతే ఆట లేదు.

ఆటంటే పేకాట కాదు. బల్ల చుట్టూ కూర్చుని ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులవుతారు. ఏం చేస్తారో నోటితో చెబితే, అది జరిగేదీ లేనిదీ పాచికలు తేలుస్తాయి. కథ చెప్పే కుర్చీ మొదట్నుంచీ గురునాథరావుదే. కింది కొట్లో అట్టలూడిన సైన్సు నవలలు ఏరుకుని, ఒకదాంట్లోంచి ఓడనీ, ఇంకోదాంట్లోంచి ఎండిపోయిన గ్రహాన్నీ ఎత్తుకొచ్చి అతికిస్తాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఆ మాటన్నవాడు ఈ గదికి రాలేదు. "బావా, తరవాతేటి?" అనేవాళ్లే గాని, అలిసిపోయావా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

అందుకే ఇవాళ కథలో ఓడను పగలగొట్టి, ఆట కట్టిపెట్టేద్దామనే వచ్చాడు.

ఆ ఓడ చుక్కల మధ్య తిరిగేది. ప్రయాణికులు గాజు పెట్టెల్లో నిద్రపోతుంటే, ఓడను నడిపే కొలిమి ఆరకుండా ముగ్గురు కాస్తుంటారు. నజీర్ కొడుకు ఫరాజ్, రుషికొండ ఆఫీసులో పనిచేసే చంద్రిక, స్టీల్ ప్లాంట్ ఫర్నేసు దగ్గర పనిచేసే నాగవంశీ ఆ ముగ్గురు.

"ఓడ పగులుతోంది. పెట్టెలతో సహా అందరికీ తప్పించుకునే పడవలో చోటుంది. ఎక్కితే గట్టెక్కినట్టే" అన్నాడు గురునాథరావు.

ఫరాజ్, చంద్రిక ఎక్కేశామన్నారు. నాగవంశీ మాత్రం, "రిలీవర్ వచ్చాడేటి బావా?" అన్నాడు.

"రిలీవరేటి? ఓడ పోతంది. ఎక్కు."

"నా బదులు డ్యూటీ ఎక్కే మనిషి రాకుండా కొలిమి ఒగ్గేసి ఎలాగొస్తాను? సల్లారితే లోపలంతా గడ్డకట్టేస్తాది."

"నవల్లో అందరూ ఎక్కేశారు, అయిపోయింది!"

"ఆ రాసినోడు షిఫ్ట్ డ్యూటీ సేసుండడు."

"అయితే మేమూ పడవ దిగిపోతన్నాం" అన్నాడు ఫరాజ్.

గురునాథరావుకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది.

"మీకేటిరా! ఆదివారం వస్తారు, ఆడతారు, ఎల్లిపోతారు. వారమంతా ఈ ఓడని నాను మొయ్యాల. నా రిలీవర్ ఎవడ్రా?"

నాగవంశీ పాచికలు బల్ల మీద పెట్టేసి తల దించుకున్నాడు. చంద్రిక లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి గురునాథరావు కుర్చీ పక్కన నిలబడింది.

"లెగండన్నయ్యా. నాను వచ్చాను."

"నువ్వు ఆ నవలలు చదవలేదు కదమ్మా."

"తప్పులు సెప్తాను. అయినా లెగండి."

లేచాడు గాని, కుర్చీ వదల్లేకపోయాడు. చివరికి డ్యూటీ అప్పగించే అలవాటే ఆదుకుంది. "ఎడం పక్క గోడ పగిలింది. కొలిమి నడుస్తంది. పడవ సిద్ధంగా ఉంది" అని చెప్పి, పాచికలు ఆమె చేతిలో పోసి, వెళ్లి ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

"మీరెవరు? ఓడలో మీ పనేటి?" అని అడిగింది చంద్రిక.

ఎందరికో కథలల్లాడు గాని, తనకంటూ ఒక వేషం ఎన్నడూ అనుకోలేదు.

"గాజు పెట్టెలో పడుకున్నోణ్ణి" అన్నాడు.

"పడుకో బావా. కొలిమి నాను సూత్తాను" అన్నాడు నాగవంశీ.

గురునాథరావు బల్ల మీద తల ఆనించాడు. చంద్రిక మొదటి మాటలోనే ఓడ పేరు తప్పు చెప్పింది. అతను దిద్దలేదు.