వాడకం తరుగు

ఐసు ట్రేలో నీళ్లు ఎంతవరకు పొయ్యాలన్న దాని మీద ఆ పొద్దున మా ఆయనకీ నాకూ గొడవైంది.

"గీత దాకా పొయ్యమంటే అంచు దాకా పోస్తావు. అన్నీ కలిసి ఒకటే గడ్డ అయింది, చూడు," అంటూ ట్రేని బోర్లించి సింకు అంచు మీద టకటకా కొట్టారు. పన్నెండు ముక్కలు రావలసింది ఒకటే పలకగా ఊడిపడింది.

"ముప్ఫై రెండేళ్లుగా నేనే పోస్తున్నాను. ఎప్పుడూ లేనిది ఇవాళ గడ్డయిందా? మీరే వంకరగా పెట్టి ఉంటారు."

"నేను పెట్టడమా! నేను ఫ్రిజ్ తలుపు తీస్తేనే కరెంటు బిల్లు కళ్లముందు కనిపిస్తుంది నీకు. ఇంక పెట్టేదెక్కడ?"

"తియ్యడం మాత్రం బాగానే వచ్చు. ఖాళీ ట్రేని మళ్లీ లోపలికి తోసి, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకునేదెవరో ఈ ఇంట్లో అందరికీ తెలుసు."

కోడలు బాబును భుజాన వేసుకుని వీపు తడుతూ వంటింట్లోకి వచ్చింది. ఇంకో రోజయితే, "మీ ఇద్దరికీ చెరో ట్రే కొనిపెడతాను, విడివిడిగా గడ్డ కట్టించుకోండి" అని నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. సింకులో పడ్డ పలకనే చూస్తూ బాబును నా చేతికిచ్చి, ఫ్రీజరు తలుపు తీసింది.

అందులో తన పాలున్నాయి. కోడలు ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. ప్రసవం సెలవు అయిపోయి ఉద్యోగంలో చేరడానికి ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి. తను డ్యూటీలో ఉన్న పది గంటలూ బాబుకి పట్టడానికని నెల రోజులుగా పాలు పిండి, చిన్న ప్లాస్టిక్ సంచుల్లో పోసి దాస్తోంది. ప్రతి సంచి మీదా తేదీ, టైము, ఎన్ని మిల్లీలీటర్లు అన్నీ ల్యాబ్ అలవాటు ప్రకారం రాస్తుంది. మొత్తం ముప్ఫై నాలుగు సంచులు.

ఒక సంచి తీసి వెనక్కి తిప్పింది. పరిచి పెట్టినప్పుడు అప్పడంలా చదునుగా బిగుసుకున్న సంచి, ఇప్పుడు అడుగున గాడులు పడి ఉంది. కింద ఉన్న జాలీకి ఎన్ని కడ్డీలో అన్ని గాడులు.

"కరిగి కిందికి జారింది అత్తయ్యా. మళ్లీ గడ్డ కట్టింది."

"అదొక్కటేనేమో, చూడమ్మా," అన్నారు మా ఆయన. గొడవ ఆయన గొంతులోంచి అప్పుడే పోయింది.

చూసింది. ముప్ఫై నాలుగూ అలాగే ఉన్నాయి. కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

"మళ్లీ గట్టిపడ్డాయిగా, పనికిరావా?" అన్నాను, జవాబు తెలిసి కూడా.

"ఎప్పుడు కరిగిందో, ఎంతసేపు అలా ఉందో తెలీదు. ల్యాబ్‌లో అయితే ఇలాంటి శాంపిల్ జోలికే పోము."

సంచులన్నీ పెద్ద గిన్నెలో వేసింది. మధ్యాహ్నానికి కరిగాయి. కత్తెరతో మూలలు కత్తిరించి ఒక్కొక్కటే సింకులో వొంపింది. నేను సాయం చేస్తానంటే వద్దంది. ప్రతి సంచి మీద రాసినది చదివి మరీ వొంపింది. బాబు నా ఒళ్లో గుప్పెళ్లు నోట్లో పెట్టుకుని నిద్రపోయాడు. వాడికి డబ్బాపాలు పడవు. రెండుసార్లు పట్టి చూశాం, రెండుసార్లూ ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఇంకొన్నాళ్లు తల్లిపాల మీదే ఉంచమన్నారు డాక్టరు.

ఉద్యోగం మానేద్దామా అంటే, అబ్బాయి ఒక్కడి జీతంతో ఇల్లు గడవదు. పైగా కోడలి సీట్లో ఆ ఆర్నెల్లూ తాత్కాలికంగా కూర్చున్న మనిషిని, ఈవిడ రాకపోతే ఖాయం చేసేస్తారు. ఆ మాట పైఅధికారి నవ్వుతూనే చెప్పాడట.

ఫ్రిజ్ కొని నాలుగు నెలలే అయింది. బాబు పుట్టబోతున్నాడని, పాత దాన్ని తీసేసి, వాయిదాల మీద కోడలి పేరున కొన్నాం.

*

మెకానిక్కు రెండో రోజు వచ్చాడు. ఏం చెప్పినా "చూద్దామమ్మా" అనేవాడు, అందుకని మా ఇంట్లో అతని పేరే చూద్దాం అయింది. ఫ్రిజ్ వెనక బోర్డు విప్పి, మూసి, లోపల థర్మామీటరు పెట్టి అరగంట కూర్చున్నాడు. ఆ అరగంటా ఫ్రిజ్ బుద్ధిమంతురాలిలా పనిచేసింది.

"బానే ఉందమ్మా."

"మీరుంటే బానే ఉంటుంది. పోనీ ఇక్కడే ఉండిపోండి, భోజనం పెడతాను," అన్నాను.

నవ్వి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున ఐసు ట్రేలో మళ్లీ నీళ్లు. మళ్లీ వచ్చాడు. ఈసారి కోడలు ల్యాబ్ నుంచి తెచ్చిన, గంటగంటకీ ఉష్ణోగ్రత తనే రాసుకునే పరికరాన్ని అతను వచ్చేలోగా మూడు రోజుల పాటు ఫ్రీజర్లో ఉంచి, ఆ కాగితం అతనికి చూపించింది. తెల్లవారేముందు నాలుగేసి గంటలు చల్లదనం పడిపోతోంది. అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బోర్డు పోయింది మేడమ్. మార్చాలి. కంపెనీలో స్టాకు లేదు. నెలా, రెణ్ణెల్లూ... చూద్దాం."

అంతవరకు కొత్తగా పిండిన పాలు ఎదురింటి వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టుకుందామనుకున్నాం. ఎదురింటావిడ మంచిది, వెంటనే ఒక మూల ఖాళీ చేసిచ్చింది. మూడో రోజు ఎదురింటాయన కాఫీకి పాలు కనబడక ఒక సంచి తీసి కరగబెట్టుకున్నాడు. పొయ్యి మీద పెట్టబోతుంటే ఆవిడ చూసి కేక పెట్టిందట. ఆయన పది రోజులు మా వైపు తలెత్తి చూడలేదు. అబ్బాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. కోడలు మాత్రం చెవుల దాకా ఎర్రబడి, మిగిలిన సంచులు వెనక్కి తెచ్చేసుకుంది. ఇంక ఎవరింట్లోనూ పెట్టనంది.

*

షాపుకి నలుగురం వెళ్లాం, బాబుతో కలిపి అయిదుగురం. మేనేజరు చాలా మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, చల్లటి నీళ్లిప్పించాడు, బాబు బుగ్గ గిల్లాడు. అతని వెనక వరసగా ముప్ఫై ఫ్రిజ్‌లు తలుపులు తెరుచుకుని లోపలి దీపాలు వెలిగించుకుని నిలబడి ఉన్నాయి.

"బిల్లు తెచ్చారా సార్?"

మా ఆయన సంచిలోంచి ఫైలు తీశారు. ఇక్కడ ఆయన గురించి ఒక మాట చెప్పాలి. ఉద్యోగమంతా రికార్డు రూములో చేశారు. చెదలు, చెమ్మ అంటే ఆయనకి పాము తేలు కింద లెక్క. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో మొదట కొనుక్కున్నది లామినేషన్ మిషను. గ్యాసు పుస్తకం అట్ట, టీకాల కార్డు, ఆసుపత్రిలో బాబు చేతికి కట్టిన కాగితం పట్టీ, చివరికి నా దోసకాయ విత్తనాల పాకెట్ మీది సూచనలు కూడా లామినేట్ చేశారు. ఫ్రిజ్ బిల్లుని వదులుతారా?

మేనేజరు బిల్లుని వెలుతురుకి పట్టుకుని చూశాడు.

"ఏముంది సార్ ఇందులో? అమావాస్య!"

అది వేడికి నల్లబడే కాగితం. మిషనులో పెట్టగానే ఈ చివర నుంచి ఆ చివర దాకా తారులా నల్లబడింది. నాలుగు నెలల కిందటే ఆ సంగతి ఆయనకి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. నల్లబడిన దాన్నే తేదీ ప్రకారం ఫైల్లో సర్దిపెట్టుకున్నారు.

"నాన్నా!" అన్నాడు అబ్బాయి.

"పోదనుకున్నాను రా," అన్నారాయన. పోవడమంటే ఫ్రిజ్ సంగతో, అక్షరాల సంగతో మేమెవరం అడగలేదు.

"మీ కంప్యూటర్లో ఉంటుందిగా," అన్నాను. "మా కోడలి ఫోన్ నంబరు కొట్టండి."

కొట్టాడు. అన్నీ ఉన్నాయి. తేదీ, మోడలు, ధర, మా ఇంటి అడ్రసు. "ఉంది మేడమ్. మీరు మా దగ్గరే కొన్నారు, నేను కాదనట్లేదు. కానీ రూలు ప్రకారం ఒరిజినల్ బిల్లు ఉంటేనే పూర్తి డబ్బు వెనక్కి. అయినా మీలాంటి కస్టమర్లని వదులుకోలేం. వాడకం తరుగు తీసేసి, యాభై అయిదు శాతం ఇచ్చేస్తాను."

"వాడకం తరుగా?"

"నాలుగు నెలలు వాడారు కదా మేడమ్."

"వాడనిస్తే కదా! తరుగు మాకు జరిగిందయ్యా, మీ ఫ్రిజ్‌కి కాదు. ముప్ఫై నాలుగు సంచులు సింకులో పోసింది ఈ పిల్ల."

"అర్థమైంది మేడమ్," అన్నాడతను. నిజంగానే అర్థమైనట్టు తల ఊపాడు. ఒక కాగితం ముందుకి జరిపాడు. నేను చదివాను. 'వస్తువులోని లోపం నా వాడకం వల్ల కలిగినదని అంగీకరిస్తూ, చెల్లించిన ధరలో యాభై అయిదు శాతాన్ని పూర్తి పరిష్కారంగా స్వీకరిస్తున్నాను. ఇకపై ఏ ఫిర్యాదూ చేయను.'

ఈ రెండు వాక్యాలనీ నేను రెండుసార్లు చదివాను. ఒక్క అచ్చుతప్పు లేదు. ఉంటే బాగుండుననిపించింది.

"పదండి," అన్నాను. "మనదే న్యాయమైనప్పుడు అబద్ధం మీద సంతకమెందుకు?"

ఆ మాట అన్నది నేనే. ఇది రాసేటప్పుడు దాన్ని దాచడం ఇష్టం లేదు.

*

కాలేజీలో చదివిన చదువు ఇన్నేళ్లకి పనికొచ్చిందనుకున్నాను. వినియోగదారుల ఫిర్యాదుల ఆఫీసుకి ఏడు పేజీల ఫిర్యాదు నేనే రాశాను. ఏ రోజున ఐసు గడ్డయింది, మెకానిక్కు ఏమన్నాడు, ఉష్ణోగ్రతల కాగితం, బ్యాంకులో వాయిదాల రుజువు, అన్నీ జత చేశాను. కోడలు సంతకం పెట్టింది. ఆఫీసులో కళ్లజోడు గుమాస్తా ఒకావిడ మొత్తం చదివింది. మధ్యలో ఒకసారి ఆగి నా వైపు చూసి, "బాగా రాశారండీ. లాయర్లు కూడా ఇంత శుభ్రంగా రాయరు," అంది. నేను పొంగిపోయాను.

"మీదే న్యాయం," అందావిడ. "బిల్లు లేకపోయినా కొన్నారన్న రుజువుంది. అమ్మినది పాడైతే బాగుచెయ్యాలి, మార్చాలి, లేదా మొత్తం డబ్బివ్వాలి. తరుగంటూ వాళ్ల ఇష్టమొచ్చినట్టు కొయ్యడానికి లేదు. మీరు మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. డబ్బులో రూపాయి కూడా తీసుకోకండి. ఫ్రిజ్‌ని కదపకండి, బయటి వాళ్లతో బాగు చేయించకండి. అదే మీ సాక్ష్యం."

"ఎప్పటికి తేలుతుందండీ?" అని కోడలు అడిగింది.

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మొదటి వాయిదా అయిదు నెలల తరవాత. వాళ్లు జవాబివ్వడానికి టైము అడుగుతారు. ఏడాది, ఏడాదిన్నర అనుకోండి."

బాబుకి అప్పటికి మాటలొచ్చేస్తాయి.

ఆ రోజు నుంచి సాక్ష్యం మా వంటింట్లో నిలబడి ఉంది. దాన్ని తీస్తే గానీ ఇంకోటి పెట్టే చోటు లేదు, దాని అప్పు వాయిదాలు తీరితే గానీ ఇంకోటి కొనే డబ్బు లేదు. మా ఆయన దాని తలుపు మీద 'కదపరాదు' అని రాసి అంటించారు, లామినేట్ చేసి. నేను పొద్దున్నే దాన్ని తుడుస్తున్నాను, తుడిస్తే సాక్ష్యం చెడుతుందేమో అనుకుంటూనే. కోడలు ఐసు పెట్టె ఒకటి తెచ్చి, అందులో రోజూ ఐసు మారుస్తూ ఒక పూటకి సరిపడా మాత్రం దాస్తోంది. మిగిలినవి పారబోస్తోంది. రోజులు దగ్గర పడే కొద్దీ తక్కువ తింటోంది, ఆ దిగులుకి పాలూ తగ్గాయి. ఆ సంగతి నాతో అనలేదు. సంచుల మీద తను రాసే అంకెలు చూసి నేనే తెలుసుకున్నాను.

నేను షాపుకి రోజూ ఫోన్ చేసేదాన్ని. "మీ ఫిర్యాదు మాకు ముఖ్యం" అని ఒక గొంతు చెప్పి, పాట వేసేది. ఆ పాట మా ఆయనకి కంఠతా వచ్చేసింది. స్నానం చేస్తూ కూడా పాడుతుంటే తలుపు మీద కొట్టాను.

*

ఆదివారం మధ్యాహ్నం. మర్నాడు కోడలు డ్యూటీలో చేరాలి.

నలుగురం భోజనానికి కూర్చున్నాం. అబ్బాయి కంచంలో వేలితో గీతలు గీస్తున్నాడు. బాబు పక్కనే గుడ్డ మీద పడుకుని కాళ్లు కొట్టుకుంటున్నాడు.

"ఇంకో నెల సెలవు అడిగితే?" అన్నాను, వందోసారి.

"ఇవ్వరు అత్తయ్యా. నిన్న మళ్లీ అడిగాను."

"నేను బాబుని తీసుకుని ఆసుపత్రికే వస్తాను. మధ్యలో నువ్వు కిందికి దిగి..."

"రెండు బస్సులు మారి, రోజుకి మూడుసార్లా? మీ మోకాళ్లతోనా?"

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "కేసు వాయిదా రోజున నేను మాట్లాడతాను. బిల్లు నల్లబడింది నా వల్లేనని జడ్జీ ముందే చెప్తాను. అందులో దాచేదేముంది..."

"మామయ్యా," అంది కోడలు. "నేను పొద్దున షాపుకెళ్లాను."

అబ్బాయి తలెత్తలేదు. వాడికి ముందే తెలుసని అప్పుడర్థమైంది.

"కూరగాయలకని కదమ్మా వెళ్లావు?" అన్నారాయన.

"కూరగాయలూ తెచ్చాను. షాపుకీ వెళ్లాను. కాగితం మీద సంతకం పెట్టేశాను."

నా చేతిలో గరిటె ఉంది. ఆయన కంచంలో కూర వేయబోతూ ఆగిపోయాను.

"మొదటి వాక్యం చదివావా?" అన్నాను.

"చదివానత్తయ్యా. పాడు చేసింది నేనేనని రాసిచ్చాను."

"నువ్వు పాడు చేశావా?"

"లేదు."

"మరి?"

"వాళ్లు ఆ వాక్యం కొట్టెయ్యరట. అడిగాను. నా తరవాత ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు సంతకాలకి. ఒకావిడ చేతిలో మిక్సీ ఉంది." కోడలు అన్నం కలుపుతోంది గానీ ముద్ద చెయ్యట్లేదు. "ఐస్‌క్రీమ్ కొట్టు మూసేస్తున్నాయన దగ్గర చిన్న ఫ్రీజరుంది. వాళ్లిచ్చిన దాంట్లో అది వస్తుంది. ఈయన వెళ్లి చూసొచ్చారు, బానే గడ్డ కడుతోంది. సాయంత్రం షాపు వాళ్లు వ్యాను పంపి మన ఫ్రిజ్ తీసుకుపోతారు, ఆ చోట్లో ఇది పెడదాం. ఫ్రిజ్ వాయిదాలు ఇంకా ఎనిమిది ఉన్నాయి, నా జీతంలోంచి కడతాను."

"మనం గెలిచే కేసమ్మా అది," అన్నారు మా ఆయన. అడుగుతున్నట్టుగా ఉంది ఆయన గొంతు.

"గెలుస్తాం మామయ్యా. కాదనట్లేదు. రేపటిలోగా గెలవం కదా."

నేను గరిటెలోని కూర ఆయనకి వేసి, కోడలికీ ఇంకొంచెం వేశాను. వద్దనలేదు.

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని రేపు డ్యూటీకి వెళ్తూ ఆ ఆఫీసులో కాగితం ఇచ్చేస్తాను," అంది. "అది మాత్రం మీరే రాసిపెట్టండి అత్తయ్యా. ఒక్క పేజీ చాలు."