లోర్నా గారి పెరడు

అమెరికా ఎడారిలోని టూసాన్‌లో జూన్ నెలంటే పొద్దు వాలాకే మనుషులకి ప్రాణం లేచొచ్చేది. అదీ పెరడున్నవాళ్ళకే. నాది పై అంతస్తులో రెండు గదుల అద్దె ఇల్లు. వెనక సందులో లోర్నా గారి ఇల్లుంది. ఆవిడ రిటైరైన టీచరు, ఒక్కరే ఉంటారు. వేసవిలో చెల్లెలి ఊరెళ్ళినప్పుడల్లా వెనక గేటు తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఎల్విరా, కుండీలు ఎండిపోనివ్వకమ్మా" అనేవారు.

ఇటుకలు పరిచిన పెరడు. ఎండుకర్రలు పేర్చిన పందిరి, దాని కింద పెద్ద బల్ల, పక్కన మాంసం కాల్చుకునే పొయ్యి. మొదట్లో నీళ్ళు పోసి వచ్చేసేదాన్ని. తర్వాత ఇటుకల మీద కూడా నాలుగు చెంబులు చల్లి, సెగ దిగాక కాసేపు కుర్చీలో కూర్చోవడం అలవాటైంది. అందులో తప్పు లేదనే ఇప్పటికీ అనుకుంటాను.

తప్పు ఫోన్లో జరిగింది. మెక్సికోలోని ఎర్మోసీయోలో ఉండే మా అన్నయ్య రొహేలియో భార్య, గ్రిసెల్డా వదిన, ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట. "మేం నిమ్మచెట్టు కింద చల్లగా కూర్చున్నాం. నువ్వింకా ఆ డబ్బాలోనే ఉడుకుతున్నావా?" ఒక సాయంత్రం లోర్నా గారి కుర్చీలోంచే, "డబ్బా ఏంటి వదినా, ఇల్లు మారాను. పందిరి కింద కూర్చున్నాను" అనేశాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నేను ఫోటో కూడా పంపాను.

నెల తిరక్కుండానే ఇద్దరూ ఫీనిక్స్‌లో పెళ్ళికి వెళ్తూ, దారిలో నా దగ్గర భోంచేసి వెళ్తామన్నారు. లోర్నా గారు ఊళ్ళో లేరు. లోపల రంగులేస్తున్నారు, వాసన భరించలేమని చెప్పి, వాళ్ళని వెనక గేటులోంచే తీసుకెళ్ళాను. మేకుకి వేలాడుతున్న ఆవిడ ఏప్రన్ నడుముకి కట్టుకుని మాంసం కాల్చాను.

వదిన పందిరి కేసి చూసి, "నిజం చెప్పొద్దూ, మా వాకిలి కంటే బాగుందే" అంది. ఆ మాట కోసం ఎన్నేళ్ళు కాచుకున్నానో. వినగానే పొయ్యి వైపు తిరిగి, కాలిన ముక్కల్నే మళ్ళీ తిప్పాను.

అప్పుడే గేటు తెరుచుకుంది. పెట్టె లాక్కుంటూ లోర్నా గారు. బల్లనీ, పళ్ళాలనీ, నా నడుముకున్న ఏప్రన్‌నీ చూశారు.

"ఎవరమ్మా ఈవిడ?" అన్నాడు అన్నయ్య.

నేను ఏప్రన్ ముడి విప్పబోయాను. "పక్కింటిదాన్నండీ," అన్నారావిడ మేం మాట్లాడుకుంటున్న స్పానిష్‌లోనే. "మీరు కానివ్వండి. నేను తర్వాత వస్తాను."

వెళ్ళిపోయారు. వదిన నన్ను కసిరింది. "ఇంటికొచ్చిన మనిషికి ఒక పళ్ళెం పెట్టకుండా పంపేస్తావా?"

"ఆవిడ మాంసం తినరు," అన్నాను.

ఇంకో గంట కూర్చున్నారు. కారు దాకా సాగనంపుతుంటే, వీధి చివర బస్టాపు బల్ల మీద, పెట్టె పక్కన, లోర్నా గారు కనిపించారు. సూర్యుడు దిగినా గాలి ఇంకా కాలిపోతోంది. ఆవిడ మొహం కందిపోయి ఉంది.

"ఇంటికెళ్ళకుండా ఇక్కడ కూర్చుందేంటి?" అన్నాడు అన్నయ్య.

"అన్నయ్యా, ఆ ఇల్లు ఆవిడదే."

వాడు వెళ్ళి ఆవిడకి క్షమాపణ చెప్పి, పెట్టె అందుకుని, ఆవిడ గేటు దాకా మోసుకెళ్ళాడు. నేను ఇద్దరి వెనకా నడవలేక అక్కడే నిలబడిపోయాను.

"నేనన్న మాటలకేనా?" అని వదిన మెల్లగా అడిగింది.

"కాదు వదినా," అన్నాను. ఆ రోజు చెప్పిన అబద్ధాలకి అదింకొకటి.

మర్నాడు పొయ్యి తోమి, ఇటుకలు కడిగి, ఏప్రన్ ఉతికి మడత పెట్టి ఇచ్చాను. ఆవిడ తాళంచెవి తీసుకోలేదు. "ఉంచుకో. ఎవర్నైనా పిలిచేటప్పుడు నాకో మాట చెప్పు, చాలు." గొంతులో కోపం లేదు, మునుపటి చనువూ లేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశాను.

రెండు వేసవులు గడిచాయి. ఇప్పుడు కుండీలకి ఎవరు నీళ్ళు పోస్తున్నారో తెలీదు. కొట్లో ఎదురుపడితే, "సాయంత్రం ఒకసారి రా, కూర్చుందాం" అంటారావిడ. వస్తానంటాను. వెళ్ళను.