మోగని పెట్టె

ఎనిమిది ఓంల స్పీకర్లు రెండు పక్కపక్కన కలిపితే నాలుగు, నాలుగైతే ఆంప్లిఫయర్ బోర్డు మోస్తుంది, అదే నాలుగు ఓంల స్పీకర్లు తెచ్చి ఇలాగే కలిపి ఉంటే రెండయ్యేది, బోర్డు వేడెక్కి మాడిపోయేది, కాబట్టి లెక్కలో తప్పు లేదు, బోర్డు మీద ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది, ఫోన్లో డోలు పాట నడుస్తూనే ఉంది, ప్లైవుడ్ పెట్టెకు బిగించిన రెండు పది అంగుళాల స్పీకర్ల కోన్లూ ఎండలో రొప్పుతున్న కుక్క డొక్కల్లాగా ఎగిరెగిరి పడుతూనే ఉన్నాయి, మరి చప్పుడేదీ అనుకుంటూ ప్రణాలి వాల్యూం ఇంకాస్త తిప్పింది, కోన్లు ఇంకాస్త ఎగిరాయి, వినిపించింది మాత్రం చద్దరు మడత దులిపినంత గాలి చప్పుడు, అంతే, సరిగ్గా అప్పుడే అన్నం డబ్బా చేత్తో పట్టుకుని కార్ఖానాలో పొద్దుటి పాళీకి పోబోతున్న నాయిన పెంటప్ప వచ్చి పెట్టె ముందు నిలబడి, ఆ కోన్ల వైపు కాసేపు చూసి, తల ఊపి, మస్తు మోగుతున్నది బిడ్డా, గీ దెబ్బకు గల్లీ మొత్తం లేస్తది, అన్నాడు.

ఏం మోగుతున్నది, ఎక్కడ మోగుతున్నది, ఎగతాళి చేస్తున్నాడా అని ముఖం చూసింది, ఎగతాళి లేదు, పెదవి చివర నవ్వు కూడా ఉంది కానీ అది పెట్టెను మెచ్చుకునే నవ్వే, నిజంగా వినబడే మెచ్చుకుంటున్నాడా అని, వైరు చూస్తున్నట్టు తల బాగా కిందికి వంచి, పెదవులు కనబడకుండా, నాయినా డబ్బాల తొక్కు పెట్టుకున్నవా అని అడిగింది, జవాబు లేదు, ఇంకా గట్టిగా అడిగింది, వాకిట్లో బీడీలు చుడుతున్న అమ్మ గంగుబాయి అక్కణ్ణుంచే, పెట్టిన తియ్యే, ఇయ్యాల నాయిన మీద నీకెందుకొచ్చింది అంత కాళ్‌జీ, అని కేకేసింది, అంత దూరాన ఉన్న అమ్మకు వినబడ్డ మాట మూరెడు దూరంలో ఉన్న నాయినను చేరలేదు, ఆయన ఇంకా కోన్లనే చూస్తున్నాడు, ప్రణాలి చేతిలోని స్క్రూడ్రైవర్ జారి బండ మీద ఠంగున పడింది, ఆయన రెప్ప కూడా కదల్లేదు.

ఎప్పటినుంచి, ఎన్నేండ్లనుంచి, ఎట్లా తెలియలేదు, ఎట్లా తెలుస్తుంది, నలభై మగ్గాలు ఒక్కసారి నడిచే కార్ఖానాలో ఎవరి గొంతూ ఎవరికీ అందదు, అందరూ పెదవులతోనే మాట్లాడుకుంటారు, గొంతు కలపకుండా ఒట్టి పెదవులు కదిపితే చాలు ఆ చివర మగ్గం దగ్గరున్నవాడు నవ్వి బదులిస్తాడు, చిన్నప్పుడు డబ్బా తీసుకుని కుంఠా నాకాలోని ఆ కార్ఖానాకు పోయి పోయి తనకూ ఆ విద్య వచ్చింది, ఇంట్లో కూడా అదే అలవాటు, నీళ్లు కావాలన్నా చాయ కావాలన్నా సగం మాటలకు గొంతే ఉండదు, అలాంటి ఇంట్లో ఒక మనిషి ఎదుటివాళ్ల నోటినే చూస్తూ కూర్చుంటే ఎవరికి అనుమానం వస్తుంది, పైగా తను గర్వపడింది కూడా, క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చుని సార్‌కు కూడా వినబడనంత మెల్లగా మాట్లాడే తన మాటను చాయ గ్లాసు కింద పెట్టి మరీ పట్టించుకునేది నాయిన ఒక్కడే అని, ఎంత గర్వం, అమ్మేమో వెనక నుంచి పదిసార్లు పిలిచి, నీ నాయినకు జెప్పుడు కంటె గోడకు జెప్పుడు నయం, అని తునికాకు ముక్క విసిరేది, అది వీపుకు తగిలితే ఆయన తిరిగి, ఏందే గంగూ, గింత ప్రేమనా, లాడ్ జేస్తున్నవా, అనేవాడు, అందరూ నవ్వేవాళ్లు, తనూ నవ్వింది, పోయిన నెల దారాలు తెగి కూడా మగ్గం రెండు గజాలు ఉత్తగ నేసుకుంటూ పోయిందని కార్ఖానా మాలక్ నానా మాటలన్నాడు, ఒక్క పోగు తెగినా మగ్గం చప్పుడు మారడంతోటే పట్టేసే మనిషికి ఆ రోజు ఏమైందో అని తను అనుకుంది, అనుకుని ఊరుకుంది, బండికి కిక్ కొట్టినప్పుడల్లా ట్యాంకు మీద అరచెయ్యి ఆనిస్తాడు, దండం పెట్టుకుంటున్నాడు అనుకుంది, అది దండం కాదు, ఇంజన్ లేచిందో లేదో చేత్తో చూసుకోవడం, దేవుడా, ఆ బండి మీదే రోజూ ఇల్లున్న కుంభారి నుంచి కుంఠా నాకా దాకా, వెనక లారీ హారన్ కొడితే, వెనక బస్సు వస్తే.

నాయిన పెట్టె మీద ఒకసారి చెయ్యి వేసి, పోయొస్త బిడ్డా, అని బయటికి నడిచాడు, ఆపాలి, లేచి పోయి ఆపాలి, ఏమని ఆపాలి, నీకు చెవుడు అని వాకిట్లో అమ్మ ముందు అనాలా, చూపు కోన్ల మీదే ఉండిపోయింది, ఇవే కోన్లు, పోయిన ఆదివారం అమోల్ దాదా దుకాణంలో నాయిన పట్టుబట్టి తీయించినవి, తను ఎనిమిది అంగుళాలది ఒక్కటి చాలంటే, వద్దు, పెద్దగ గావాలె, రెండు గావాలె, గుండె మీద గుద్దినట్టుండాలె, అన్నాడు, అమోల్ దాదా, మామా ఇంట్ల లగ్నమా ఏంది, డీజే పెడ్తున్నవు, అని నవ్వి ఒక్కొక్కటే పెట్టి వినిపించాడు, అప్పుడు నాయిన గల్లాకు వీపు పెట్టి రోడ్డు వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు, ఆరు అంగుళాలది పెడితే తిరగలేదు, ఎనిమిదిది పెడితే తిరగలేదు, పదిది పెట్టగానే గిరుక్కున తిరిగి, గిదే, గిదే ఇయ్యి, అన్నాడు, గిరుక్కున తిరిగాడు, వీపు పెట్టి ఉన్నవాడు, కోను చూడకుండానే.

అంటే వినబడింది, ఆ చప్పుడు వినబడింది, మాటలు పోయినా, హారన్లు పోయినా, గుండెకు తగిలే ఆ లోతు చప్పుడొక్కటి ఆయనకు మిగిలి ఉంది, అందుకే పెద్దది, అందుకే వారం రోజులుగా పొద్దున లేస్తూనే అయిందా బిడ్డా అయిందా అని అడగడం, మరి ఇప్పుడెందుకు వినబడలేదు, ఎందుకంటే చప్పుడే లేదు, ఎందుకు లేదు, ప్రణాలి గోడ గడియారం దింపి సెల్లు పీకింది, రెండు స్పీకర్లలో ఒకటి కొత్తది, ఒకటి ఎవరో కాయిల్ తిరిగి చుట్టించి అమ్ముకున్న పాతది, పాత మాల్ మీద ప్లస్ అని పెట్టిన ఎర్ర చుక్కను నమ్మకు, సెల్లు ముట్టించి కోను ముందుకు దుముకుతదో లేదో సూడు, అని అమోల్ దాదా చెప్పనే చెప్పాడు, తను విన్నది, తలూపింది, రాత్రి బిగించే తొందరలో ఎర్ర చుక్కనే నమ్మింది, వైర్లు బోర్డు నుంచి ఊడదీసి సెల్లు ముట్టించింది, కొత్తది ముందుకు దుమికింది, పాతది వెనక్కి పోయింది, ఒకటి తోసిన గాలిని ఇంకొకటి మింగేస్తోంది, కోన్లు ఎంత ఎగిరినా పెట్టె మూగదే, తప్పు తన తీగది, ఆయనకేం తెలుసు, ఆయనకు కనబడింది రెండు కోన్లు అంతంత ఎగరడం, వినబడింది ఏమీ లేదు, ఆ మాత్రం చెవి కూడా పోయిందనుకోడూ, ఇంకేమనుకుంటాడు, బయట బండి స్టాండు తీసినట్టుంది, ఒక కిక్కు, ఇంజన్ లేవలేదు, పాతదాని రెండు వైర్లు విప్పింది, రెండో కిక్కు, లేవకు, కాసేపు లేవకు, ఎర్రది ఇటు, నల్లది అటు, బోర్డుకు కలిపి ఫోన్ నొక్కింది.

ధమ్, అటక మీద గిన్నెలు గలగలమన్నాయి, వాకిట్లో అమ్మ చాటలో చుట్టిన బీడీలు దొర్లిపోయాయి, ఇల్లు కూలగొడ్తవానే పోరీ, అని అమ్మ అరిచింది, ధమ్, ధమ్, బయట మూడో కిక్కు పడలేదు.

నాయిన గడపలోకి వచ్చి నిలబడ్డాడు, కోన్ల వైపు చూడలేదు, ఆమె పెదవుల వైపూ చూడలేదు, చేతిలో డబ్బాతో, నేల చూపులు చూస్తూ, పక్కగదిలో ఎవరో తన పేరు పిలిచారా అని ఆగిన మనిషిలా నిలబడి, గిప్పుడు మోగుతున్నది బిడ్డా, అన్నాడు మెల్లగా, అని తను ఏమన్నాడో తనకే తెలిసి చప్పున తలెత్తాడు, ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు, దాచడానికి ఇంకేమీ లేదు, ప్రణాలికి అప్పుడు బండి గుర్తు రాలేదు, లారీలు గుర్తు రాలేదు, ఒక్కటే తెలిసింది, ఇందాక ఈ పెట్టె ముందు నిలబడ్డప్పుడు, మిగిలిన కాస్త చెవీ పోయిందని ఆయన అనుకుంటూనే మస్తు మోగుతున్నదన్న ఆ నిమిషంలో, ఆయన తన కోసం బెదరలేదు, రాత్రి నుంచి పెట్టె పక్కనే కూర్చున్న పిల్ల ముఖం చిన్నబోతుందేమో అని మాత్రమే బెదిరాడు.