తెర వెనక ఇరవై మొహాలు

నేను ఒక పాచికను. మీ ఇంట్లో ఉండే ఆరు మొహాల రకం కాదు, నాకు ఇరవై మొహాలు, ఒక్కోదాని మీద ఒక్కో అంకె. ఇన్ని మొహాలుండి కూడా ఇంతవరకూ ఒక్క అబద్ధం ఆడలేదు. ఒకటే మొహం ఉన్నవాళ్ల దగ్గర పని చేశాను కాబట్టి ఈ సంగతి కాస్త గర్వంగానే చెప్పుకుంటాను.

నన్ను ఏటికొప్పాకలో నరసయ్యాచారి అనే బొమ్మల పనివాడు అంకుడు కర్రతో చేశాడు. గుండ్రటి వస్తువు ఏదైనా చిటికెలో చేసిచ్చే మనిషి, నాతో మూడు రోజులు తిప్పలు పడ్డాడు. ఆకురాయితో ఒక్కో మొహం అరగదీస్తూ, ఇదెందుకని చేయించుకునే ఆయన్ని అడిగాడు. ఆడుకోవడానికని ఆయన చెబితే, ఆ నెరిసిన గడ్డం కేసి ఒకసారి చూసి, లక్క రంగు పూసి ఇచ్చేశాడు.

ఆ గడ్డం కూర్మారావు మాస్టారిది. విశాఖపట్నంలో ఇంటరు పిల్లలకి ఫిజిక్సు చెబుతాడు. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఆయన మేడ మీద గదిలో నలుగురు పెద్దమనుషులు చాప మీద కూర్చుని వేరే మనుషులైపోతారు. ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ. మాస్టారు కథ నడుపుతాడు. ఎదురుగా ఏరుంది, ఏట్లో భూతముంది, ఏం చేస్తారంటాడు. వాళ్లు చెబుతారు. చెప్పింది జరుగుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. భూతాల తరఫున మాస్టారు నన్ను వేస్తాడు; పెద్ద అంకె పడితే భూతం దెబ్బ తగిలినట్టే. పాత శుభలేఖలు అతికించి చేసిన తెర వెనక వేసి, అంకె మాత్రం పైకి చెబుతాడు.

ఈ ఆటగాళ్ల తీరు చూసి తీరాలి. భూతం మీద పడుతుంటే, దాన్ని కొట్టాలా, మాట్లాడాలా అని గంటన్నర చర్చిస్తారు. అంతసేపూ పాపం ఆ భూతం నోరు తెరుచుకుని ఆగుతుంది. భానోజీ అనే ఆడిటరు నిబంధనల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, మాటకి ముందు పేజీ నంబరు చెబుతాడు. ఎవరి పాచిక వాళ్లదే, పక్కవాళ్లు ముట్టుకుంటే అదృష్టం పోతుందట. వరసగా ఒకటి పడిన పాచికని స్టీలు గ్లాసు కింద బోర్లించి జైల్లో పెడతారు. అందరూ డిగ్రీలు చదివినవాళ్లే.

ఇక ఆ పుస్తకంలో బొమ్మలు. మగ వీరులకి నఖశిఖపర్యంతం ఇనుము. ఆడ వీరులకి గుండె మీద రెండు ఇనప రేకులు, కడుపుకి గాలి. వచ్చే బాణాలన్నీ మర్యాద తెలిసినవని చిత్రకారుడి నమ్మకం కాబోలు. నలుగురిలో ఒకే ఒక్క ఆడమనిషి సుభాషిణి ఆ పేజీ మూసేసి, ఆటలో తన మనిషిని తానే గీసుకుంది. నూకాలు, యాభై ఏళ్ల పడవ మనిషి, గోచీ పోసి కట్టిన చీర, భుజాన తెడ్డు. ఆ గదిలోకెల్లా మంచి బొమ్మ అదే.

సుభాషిణి ఒక షిప్పింగ్ ఆఫీసులో గుమాస్తా. ఆమె రాసిన రిపోర్టులు పక్క సీటాయన తనవని మీటింగుల్లో చదువుతాడు. ఆమె నోరు విప్పదు. నూకాలైతే రాజుల్ని సైతం నిలబెట్టి కడిగేస్తుంది. మూడేళ్లలో నూకాలు ఒక్కసారీ వెనక్కి తగ్గలేదు, చావలేదు కూడా. ఎందుకు చావలేదో నాకూ మాస్టారికీ మాత్రమే తెలుసు. నేను పద్దెనిమిది పడితే ఆయన ఐదనేవాడు. నాకు ఒళ్లు మండేది, కానీ కర్రకి నోరేదీ?

ఒక ఆదివారం ఊరి జనాన్ని ఏరు దాటిస్తూ నూకాలు భూతానికి ఒంటరిగా అడ్డం నిలబడింది. దెబ్బ తగిలితే ప్రాణం పోతుంది. కరెంటు లేదు, అందరికీ చెమటలు. మాస్టారు నన్ను వేశాడు. పంతొమ్మిది పడ్డాను. ఆయన గొంతు సవరించుకుని నాలుగన్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది. ఐదో స్పీడులో వదిలేసిన ఫ్యాను ఒక్కసారిగా తిరిగేసరికి శుభలేఖల తెర ఎగిరి భానోజీ ఒళ్లో పడింది. అందరి కళ్లూ నా మీదే. పంతొమ్మిది.

భానోజీ మొదటిసారి ఏ పేజీ నంబరూ చెప్పలేదు. ఎన్నాళ్లబట్టి ఇలాగని సుభాషిణి అడిగింది. మొదట్నుంచీ అని మాస్టారు ఒప్పుకున్నాడు. నూకాలు పోతే ఆమె ఆట మానేస్తుందేమోనని భయపడ్డాడట.

"ఆఫీసులో అందరూ నన్ను చూసి జాలి పడతారు మాస్టారూ," అంది సుభాషిణి. "ఇక్కడైనా నూకాలు తన సత్తాతో నిలబడిందని అనుకున్నాను. అదీ మీ జాలేనేటి?"

ఆయన మళ్లీ వేద్దామని నా మీదకి చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"పడింది పడినట్టే ఉండనివ్వండి. నూకాలు చచ్చిపోయింది. ఎలా పోయిందో నేను చెబుతాను."

చెప్పింది. చివరి పిల్ల ఒడ్డెక్కేదాకా నూకాలు తెడ్డు ఎలా వదల్లేదో, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో, పావుగంట సేపు చెప్పింది. మాస్టారు ఏడ్చాడు. నాకూ దుఃఖమొచ్చింది, చంపింది నేనే కదా. వెళ్లేటప్పుడు ఆమె నన్ను అడిగి తీసుకుంది. మాస్టారు కాదనలేదు.

ఇప్పుడు నా కాపురం ఆమె హ్యాండ్‌బ్యాగులో. మొన్న మీటింగులో పక్క సీటాయన లేచి, ఆమె రిపోర్టు తనదన్నట్టు చదవడం మొదలుపెట్టాడు. బల్ల కింద ఆమె గుప్పిట్లో ఉన్నాను. పెద్ద అంకె పడితే లేస్తుంది, లేకపోతే లేదు, అంతే అనుకున్నాను. ఇరవై పడాలని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను. పక్షపాతమే, ఒప్పుకుంటాను. ఆమె నన్ను బల్ల మీదకి విసిరింది. నేనింకా దొర్లుతూనే ఉన్నాను, ఆమె లేచి నిలబడి మాట్లాడుతోంది.