మూడు కప్పుల వరుస

బియ్యపు మద్యమైన సాకేను రుచిచూసే కప్పులకు సబ్బు తగలకూడదు. వేడినీళ్లతో తొలిచి, పొడిగుడ్డతో తుడిచి, ఒక్కొక్కటీ వాసన చూసి మరీ పెట్టాలి. పెళ్లయినప్పటి నుంచి ఆ పని చిగుసాదే. ఈ పూట మాత్రం ఒక్కో కప్పునూ రెండేసిసార్లు వాసన చూసింది. టోక్యో నుంచి సాకే వ్యాపారి హోరియూచి గారొచ్చారు. ఆవిడ మెచ్చితే ఈ శీతాకాలపు సరుకంతా కొంటుంది. మెచ్చకపోతే ఇంటి సాకే కార్ఖానా మూతపడ్డట్టే.

భర్త తాదాహిరోకు జ్వరమొచ్చి వాసన తెలియకుండా పోయి రెండేళ్లయింది. వాసన తెలియని మనిషి చేసిన సాకే ఎవరు కొంటారు? ఆ గుట్టు అత్తగారికి కూడా పొక్కనివ్వలేదు. అతిథులు రాకముందే వంటింట్లో చిగుసా ఒక్కో గుక్కా నోట్లో తిప్పి, ఉమ్మేసి, మాటలు చెబుతుంది. ఆయన కప్పుల వరుసలో బట్టీపడతాడు. ఈ పూట చెప్పింది ఇదీ: "మొదటిది అప్పుడే కోసిన బేరిపండు. రెండోది మూత తీసిన వేడన్నం. మూడోది పుట్టగొడుగులు, చివర కాస్త చేదు." పోయినేడు ఇలాంటి మాటలే విలేకరులకు అప్పజెప్పి, "మా ఆవిడా? దానికి సాకే, మంచినీళ్లు ఒకటే" అని నవ్వాడు. పక్కనే టీ పోస్తున్న చిగుసాకు ఒళ్లు మండిపోయింది. అయినా నవ్వింది, నవ్వకపోతే బాగుండదని.

ఉమ్మే పాత్ర తీసుకుని గదిలోకి వచ్చేసరికి, అత్తగారు పళ్లెం అప్పటికే అతిథుల ముందు పెట్టేసింది.

"మీ మామగారి పద్ధతిలో చేసింది చివర పెడతావుటే? ముందుకు జరిపాలే" అని చెవిలో గొణిగింది.

ఆయన బట్టీపట్టిన వరుస మారిపోయిందని చిగుసాకు అర్థమైంది. తాదాహిరో దర్జాగా మొదటి కప్పు ఎత్తాడు. ఎలా ఆపడం? దగ్గితే? కళ్లతో సైగ చేస్తే? ఆయన ఆమె వైపు చూస్తేగా!

"అప్పుడే కోసిన బేరిపండండీ ఇది!"

హోరియూచి గారు రుచిచూసి, ఉమ్మి, తలెత్తారు. "బేరిపండా? నాకు పుట్టగొడుగులు తగులుతున్నాయే."

"మా కోడలు కప్పులు తారుమారు చేసినట్టుంది, ఏమనుకోకండి" అంది అత్తగారు.

"కప్పులు మారితే మారాయి. నోరు మారదుగా?" అన్నారు హోరియూచి గారు, తాదాహిరో వైపు చూస్తూ.

తాదాహిరో చెవులు ఎర్రబడ్డాయి. భార్య మీద విరుచుకుపడ్డాడు. "చేతులకు ఏదో క్రీము పూసుకొచ్చావు! ఆ కంపుకి నా ముక్కు చెడింది. బయటికి నడువు!"

చిగుసా పగుళ్లు తేలిన తన చేతులవైపు చూసుకుంది. ఈ ఇంటి సాకేకు పరాయి వాసన అంటకూడదని, ఏ చలికాలమూ ఆ పగుళ్లకు ఏమీ రాసుకోలేదు. ఇప్పుడు నోరు విప్పితే కార్ఖానా ఏమవుతుందో తెలియదు. విప్పకపోతే తానేమవుతుందో మాత్రం తెలిసిపోయింది. బయటికి వెళ్లలేదు. హోరియూచి గారి ఎదురుగా కూర్చుని, రెండో కప్పు అందుకుని, గుక్క తీసుకుని ఉమ్మింది.

"ఇదండీ బేరిపండు. ఆయనకు రెండేళ్లుగా వాసనే తెలియదు. ఇన్నాళ్లూ ఆయన నోట వచ్చిన మాటలన్నీ నావి. ఇక అడగాల్సిందేదైనా ఉంటే నన్నే అడగండి."