ఆలస్యంగా వచ్చిన చెయ్యి

...రోగం మొదట ఎలా బయటపడిందని అడిగితే మళ్ళీ దువ్వెన అనే చెప్పాలి, పోయినసారి కూడా దువ్వెన అనే చెప్పింది కదా, తల దువ్వుకుంటుంటే ఆయన సెయ్యి ఆగిపోయిందండీ అని, ఒకసారి చెప్పిన అబద్ధాన్ని మార్చకూడదు, అనుకుంటూ దీవెనమ్మ అద్దానికి అవతల పడుకున్న మొగుడి కాళ్ళ వంక చూసింది, కాళ్ళే కనిపిస్తున్నాయి, మిగతా జోజి అంతా ఆ తెల్లటి స్కానింగు గొట్టంలో ఉన్నాడు, డాక్టరు హరిచందన కంప్యూటరు ముందు కూర్చుని మైకులో, జోజి గారూ, పచ్చ గుర్తు వచ్చినప్పుడు కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే బొటనవేలికి ఆనించండి, ఎర్ర గుర్తు వస్తే ఆపండి, తల మాత్రం కదపొద్దు అంటోంది, గారూ అంటోంది, ఎంత మెత్తగా అంటోందో, గొట్టం లోపల రేకుల మీద సుత్తితో కొడుతున్నట్టు ఒకటే మోత, పోర్టులో ఇన్నేళ్ళూ క్రేను తోలిన మనిషికి ఈ మోత ఒక లెక్కా, కానీ భయపడ్డాడు, లోపలికి తోసే ముందు దీవెనా, ఎక్కడికీ ఎల్లిపోకే అన్నాడు, అందుకే ఆ డాక్టరు పిల్ల జాలిపడి తనని ఈ గదిలో కూర్చోబెట్టింది, మీ ఆయనకి మీరంటే ఎంత ప్రాణమో అంది, ప్రాణమే మరి, ఆ ప్రాణం దెబ్బలు ఒళ్ళంతా ఉన్నాయి.

దువ్వెన కాదు, చెంపదెబ్బ ఆలస్యంగా వచ్చింది, అదీ మొదటి గుర్తు, ఇది ఏ డాక్టరుకి చెప్పుకుంటారు, మందిరం నుంచి వచ్చిన ఆదివారం మధ్యాహ్నం, చేపల పులుసులో ఉప్పెక్కువైందని కంచం నెట్టి లేచాడు, ఆ లేవడం తనకి కొత్త కాదు, ముందు కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత భుజం, ఆ వెంటనే చెయ్యి, మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఉండదు, పెళ్ళయినప్పటి నుంచీ అంతే, ఆ రోజు మాత్రం కళ్ళు మూసుకుంది, తెరిచింది, ఇంకా రాలేదు, చెయ్యి గాలిలోనే ఉంది, రైలు గేటు దిగినట్టు నింపాదిగా దిగుతోంది, తాను పక్కకి జరిగింది, పరిగెత్తలేదు, జరిగింది, చెయ్యి వెళ్ళి తలుపు చెక్కకి తగిలింది, జోజి తన చేతిని ఎవరిదో చూసినట్టు చూసుకున్నాడు, అప్పుడు నవ్వొచ్చింది, ఆపుకున్నా ఆగలేదు, ఏటే, నవ్వుతన్నావేటే అని ఎడంచేత్తో కొట్టాడు, ఎడంచేతికి అలవాటు లేక అది చెవి మీద పడింది, అయినా ఆ నవ్వు ఖరీదు అంతేనా అనిపించింది, ఆ తర్వాత మందిరంలో, సంఘ పెద్ద కదా, ముందు వరసలో కూర్చుంటే బైబిలు మీద ఆనించిన చెయ్యి దానంతటదే వణుకుతుంటే పక్కింటి గురువమ్మ కళ్ళొత్తుకుంది, మీ ఆయనకి ఆత్మ దిగిందే దీవెనమ్మా అంది, అవునొదినా అంది తాను, ఇంకేమనాలి.

ఇటు చూడండమ్మా అని హరిచందన పిలిచింది, తెర మీద బూడిదరంగు మెదడు, నిలువునా కోసి పెట్టినట్టు, అందులో అక్కడక్కడా ఎర్రటి మచ్చలు, ఇవి మందులు మొదలుపెట్టక ముందు తీసినవి, చెయ్యి కదిపినప్పుడు ఏ చోటికి రక్తం ఎక్కువ పరిగెడుతుందో మిషను పట్టుకుంటుంది, మామూలు మనిషికి ఇదిగో ఈ నడినెత్తి కింద బాగా వెలగాలి, కదలికని మొదలుపెట్టేది ఇదే, ఈయనకి ఇక్కడ మసకబారింది, దాని బదులు ఈ పక్క భాగాలూ వెనక చిన్నమెదడూ దాని పని నెత్తినేసుకున్నాయి, చూశారా ఎంత ఎర్రగా ఉన్నాయో, పార్కిన్సన్స్ తొలిదశలో ఇలా సర్దుకుపోతుంది, అందుకే చాన్నాళ్ళు ఎవరికీ తెలియదు, అని ముచ్చటగా చెబుతోంది, ఒకటి చెడితే పక్కవి చాకిరీ చేసి పైకి తెలియకుండా నెట్టుకురావడం, ఇది చూడ్డానికి ఇంత పెద్ద మిషను కావాలా తల్లీ, ఉబ్బిన దవడకి పంటినొప్పి అని పేరు పెట్టి గుడ్డ చుట్టుకుని మందిరంలో పాటల పుస్తకాలు పంచిన ఆడదాన్ని చూస్తే సరిపోదా, ఇందులో కొట్టే చోటు ఏదండీ అని నోటి దాకా వచ్చింది, మింగేసింది.

ఆ ఫొటోలు తీశాక మాత్రలు రాశారు, రోజూ వేళ తప్పకూడదన్నారు, హైదరాబాదులో నర్సు పని చేస్తున్న కూతురు స్టెఫీ ఫోన్లో మరీ మరీ చెప్పింది, టయానికి ఎయ్యకపోతే నాన్న కొయ్యలాగ అయిపోతాడమ్మా అని, ఆ పిల్లే గొంతు తగ్గించి, అమ్మా, రోజూ నువ్వే ఇత్తన్నావా అంది, అవునే అంది తాను, మాత్రలు పని చేశాయి, కొన్నాళ్ళకి గుండీలు తానే పెట్టుకున్నాడు, ఇంకొన్నాళ్ళకి మళ్ళీ క్రేను ఎక్కాడు, మందిరంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు, దేవుడు నా సెయ్యి నాకు తిరిగి ఇచ్చినాడు అని పిడికిలి బిగించి అందరికీ చూపించాడు, అందరూ స్తోత్రం అన్నారు, తానూ అంది, ఇంటికొచ్చాక టీ చల్లారిపోయిందని అదే చెయ్యి, ఈసారి ఆలస్యం లేదు, వెనకటి వేగంతోనే వెనకటి చోటే పడింది, తల గోడకి తగిలి కూర్చుండిపోయింది, కూర్చున్న చోటి నుంచే గడియారం కనిపించింది, వేళయింది, లేచి నీళ్ళు ముంచి మాత్ర ఇచ్చింది, ఎందుకిచ్చింది, చేతులారా తానే ఎందుకిచ్చింది, ఆ రాత్రంతా అదే ఆలోచన, ఆ మనిషి మాత్రం ఆ నీళ్ళు గటగటా తాగి గ్లాసు శుభ్రంగా తోమలేదే అన్నాడు.

ఈ రెండో పరీక్షకి మాత్ర ఒంట్లోంచి దిగిపోయి ఉండాలట, నిన్న సాయంత్రం నుంచి ఆపమని హరిచందనే చెప్పింది, డాక్టరు మాట కాబట్టి పాపం లేదు, పొద్దున్న అద్దం ముందు నిలబడి జోజి గుండీతో కుస్తీ పట్టాడు, తెల్లచొక్కా, మూడో గుండీ, వేళ్ళు దాని చుట్టూ తిరుగుతున్నాయి గానీ కాజాలోకి పోవడం లేదు, తాను గుమ్మంలో నిలబడి చూసింది, అంత తీరిగ్గా ఆ మనిషిని ఎప్పుడూ చూడలేదు, దీవెనా, కాస్త ఎయ్యవే అన్నాడు, కాస్త అన్నాడు, ఆ మాట ఆ నోట్లో ఉందని ఇన్నేళ్ళూ తెలియదు, పొయ్యి మీద కూర మాడిపోతంది అంది, పొయ్యి మీద ఏమీ లేదు, పొయ్యి వెలిగించనే లేదు, ఆ సంగతి ఆయనకీ కనిపిస్తూనే ఉంది.

ఇప్పుడు చెయ్యి అస్సలు కదపొద్దండీ, కదుపుతున్నట్టు మనసులో అనుకోండి చాలు, మీకు బాగా అలవాటైన పని ఏదైనా పర్లేదు, అని హరిచందన మైకులో చెప్పింది, తర్వాత తనవైపు తిరిగి, మెదడుకి చెయ్యడానికీ చేస్తున్నట్టు అనుకోవడానికీ పెద్ద తేడా లేదమ్మా, చాలావరకు అవే చోట్లు పని చేస్తాయి అంది, గొట్టంలో మళ్ళీ మోత మొదలైంది, అద్దం అవతల కాళ్ళు కదల్లేదు, పక్కన పడి ఉన్న చెయ్యి కదల్లేదు, వేలు కూడా కదల్లేదు, కాసేపటికి తెర మీద ఎర్రమచ్చలు ఒక్కొక్కటే లేచాయి, హరిచందన కుర్చీ ముందుకి లాక్కుంది, చాలా బాగా వస్తోంది, ఏం ఊహించుకుంటున్నారో గానీ మీ ఆయన మనసు పెట్టి ఊహించుకుంటున్నారు, క్రేను హ్యాండిలు అయ్యుంటుంది కదూ అంది, అయ్యుంటుందండీ అంది దీవెనమ్మ, క్రేను కాదు, ఆ చేతికి బాగా అలవాటైన పని ఏమిటో దాని కింద బతికిన తనకి తెలియదా, పొద్దున్న గుండీ పెట్టలేదు కదా, ఆ బాకీ అక్కడ పడుకుని తీర్చుకుంటున్నాడు, ఎదురుగా కూర్చోబెట్టి చూపిస్తున్నారు తనకి, మాత్ర లేకపోయినా చెయ్యి లేవకపోయినా రోజంతా ఆ పుర్రెలో తనకి దెబ్బలు పడుతూనే ఉంటాయన్నమాట, ఇది తగ్గే రోగం కాదు, ఇది అసలు రోగమే కాదు.

బయటికి తీశారు, కూర్చోబెట్టారు, హరిచందన గ్లాసుతో నీళ్ళు తెచ్చి, అయిపోయిందండీ, చాలా ఓపిక పట్టారు, అమ్మా, ఇప్పుడు మాత్ర వేసెయ్యండి అంది, మాత్రల అట్ట సంచిలోనే ఉంది, పొద్దున్న ఆయన చూస్తుండగానే పెట్టింది, దీవెనమ్మ సంచిలో చెయ్యి పెట్టింది, వేళ్ళకి అట్ట తగిలింది, ఓలమ్మా, ఇంటికాడే మర్సిపోనానండీ అంది, ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో, కింద మందుల షాపులో దొరుకుతాయమ్మా అంది హరిచందన, ఎందుకులెండి, గాజువాక ఎంత దూరం, ఎల్లగానే ఏత్తాను అంది, జోజి తల ఎత్తి చూశాడు, నోరు తెరిచాడు, సంచి వంక చూశాడు, తన మొహం వంక చూశాడు, మళ్ళీ నోరు మూసుకున్నాడు, ఆ మూసుకోవడం తనకి తెలుసు, ఇప్పుడు చెబితే ఇంటికెళ్ళాక ఇంకెంత అవుతుందో అని లోపల లెక్క వేసుకుని మూసుకోవడం, ఆ లెక్క తాను గురువమ్మ ముందు వేసింది, పాస్టరు గారి ముందు వేసింది, కన్నకూతురు ముందు వేసింది, ఇవాళ ఆ లెక్క సంఘ పెద్ద జోజి వేస్తున్నాడు.

ద్వారకా నగర్ కాంప్లెక్సులో బస్సెక్కారు, కాలు ఈడుస్తూ ఎక్కుతుంటే కండక్టరు, వేగిరం మావా, తాగున్నావేటి అన్నాడు, జనం నవ్వారు, దీవెనమ్మ కాదని చెప్పలేదు, కిటికీ పక్క తాను కూర్చుంది, ఇన్నేళ్ళలో కిటికీ పక్క ఎప్పుడూ ఆయనే, దీవెనా, సంచిలో ఉంది కదే అన్నాడు గొణుగుతూ, బతిమాలుతున్నాడు, లేదు అంది, బస్సు పోర్టు పక్క రోడ్డెక్కింది, ఎర్రదుమ్ము, ఉప్పుగాలి, జుట్టు మొహం మీద పడింది, సర్దుకుందామని చెయ్యి ఎత్తింది, అంతే, పక్కన జోజి మెడ భుజాల్లోకి లాక్కున్నాడు, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, అదీ ఆలస్యంగానే, చెయ్యి జుట్టు దాకా వెళ్ళిపోయాక, దీవెనమ్మ కొడుతుందనుకున్నాడు, తన జన్మలో దోమని తప్ప దేన్నీ కొట్టని ఈ చేతిని చూసి, ఎందుకంటే తన స్థానంలో ఆయనే ఉంటే ఏం చేసేవాడో ఆయనకి తెలుసు, జాలి వస్తుందేమోనని కాసేపు చూసింది, రాలేదు, సంచిలో మాత్ర ఉంది, ఇంటికెళ్ళాక ఇస్తుంది, ఇవ్వకుండా ఉండదు, పూర్తిగా కొయ్యబారితే ఈ మెడ లాక్కోవడం కూడా పోతుంది, సగం ఇస్తుంది, ఒకపూట వేళకి, ఒకపూట వేళ దాటాక, ఎప్పుడిస్తుందో తెలియకుండా, గాలి ఆగిపోయింది, జుట్టు చక్కగానే ఉంది, అయినా చెయ్యి మళ్ళీ మెల్లగా పైకెత్తింది, కళ్ళు మూసుకుని వణుకుతున్న ఆ మొహాన్ని దగ్గర్నుంచి చూస్తూ ఉంటే, తనకి కావలసింది ఈ మనిషి చావడం కాదనీ, బాగవడం అసలే కాదనీ, ఇలా బతికి, ఇలా ఎదురుచూస్తూ ఉండడమేననీ దీవెనమ్మకి అర్థమైంది.